అయిదు పతకాల లెక్క

చేత్తోనూ కాలితోనూ ఆడే ఐర్లాండ్ ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో ఎవరికి ఎన్ని ఆల్ ఐర్లాండ్ (కౌంటీల మధ్య జరిగే జాతీయ ఛాంపియన్‌షిప్) పతకాలున్నాయో వరసపెట్టిన జాబితా ఒకటి ఈమధ్య చదివాను. పైన తొమ్మిదేసి పతకాలున్న ముగ్గురు డబ్లిన్ వాళ్ళు. వాళ్ళ కింద ఎనిమిదేసి పతకాలున్నవాళ్ళలో అయిదుగురు 1970లు, 80లలో ఆడిన కెర్రీ కౌంటీ వాళ్ళు. చాలా కిందికి దిగితే అదే కెర్రీకి ఆడిన డిక్ ఫిట్జెరాల్డ్ కనిపిస్తాడు. 1903, 1904, 1909, 1913, 1914. మొత్తం అయిదు. చివరి రెండిటికీ జట్టు కెప్టెన్. పేరు పక్కన ఇంకేమీ లేదు, ముందు వెనకా మామూలు పేర్లే.

ఆ జాబితాలో తప్పు అంకె ఒక్కటీ లేదు. అయినా దాన్ని చూసి ఫిట్జెరాల్డ్ గురించి ఏదో తెలిసిందనుకుంటే పొరపాటే అంటాను. ఎనిమిది పతకాల వాళ్ళు గెలిచిన ఆట మొదటి నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకటే. ఫిట్జెరాల్డ్ మాత్రం ఒకే పేరుతో పిలిచే రెండు మూడు వేరువేరు ఆటలు ఆడాడు. మనుషుల సంఖ్య మారింది, గోల్ కొలత మారింది, సీజన్ అంటే ఏమిటన్నదీ మారింది. అన్నిట్లోనూ ఆయన గెలిచే జట్టులో ఉన్నాడు. చివరికి ఆ మార్పు ఎలాంటిదో కాగితం మీద పెట్టాడు కూడా. ఆయన క్రీడాజీవితాన్ని కొలవాల్సింది అక్కడ.

1903 అంటే 1905

ముందుగా తేదీల సంగతి. ఆ రోజుల్లో ఛాంపియన్‌షిప్ ఎప్పుడూ వెనకబడే నడిచేది. 1903 సంవత్సరపు పోటీలో కెర్రీ, కిల్డేర్ కౌంటీలు తలపడింది 1905 జులై 23న, టిప్పరేరీలో. ఫిట్జెరాల్డ్ కొట్టిన ఫ్రీకిక్ మీద గొడవ మొదలైంది. బంతి గీత దాటిందా, దాటలేదా? అప్పటికి గోల్‌కి వలలు లేవు. వల ఉంటే దానికి తగిలి ఆగిన బంతే సాక్ష్యం. వల లేకపోతే గోల్ వెనక నిలబడ్డ జనమే సాక్షులు, వాళ్ళలో ఎవరు ఏ ఊరివాళ్ళో అదే తీర్పు. జనం మైదానంలోకి వచ్చేశారు. స్కోరు కెర్రీ 1-4, కిల్డేర్ 1-3 (ముందు అంకె గోల్స్, తర్వాతిది పాయింట్లు). గోల్‌కి మూడు పాయింట్ల చొప్పున చూస్తే 7కి 6. మళ్ళీ ఆడమన్నారు.

ఆగస్టు 27న కార్క్‌లో రెండో మ్యాచ్. కెర్రీ 0-7, కిల్డేర్ 1-4, అంటే చెరో ఏడు. అక్టోబర్ 15న అదే ఊళ్ళో మూడోది. ఈసారి కెర్రీ 0-8, కిల్డేర్ 0-2. అక్కడితో అయిందా అంటే కాలేదు. అది ఐర్లాండ్‌లోని జట్ల వరకే ఫైనల్. నవంబర్ 12న డబ్లిన్‌లోని జోన్స్ రోడ్ మైదానంలో లండన్ జట్టుని 0-11కి 0-3తో ఓడించాకే కెర్రీ చరిత్రలో మొదటి టైటిల్ చేతికొచ్చింది.

ఆ తర్వాత 1904 టైటిల్. దాన్ని 1906 జులైలో కార్క్‌లో డబ్లిన్ మీద 0-5కి 0-2తో గెలిచారు. రెండు వేరువేరు సంవత్సరాల పేరున్న పతకాలు ఎనిమిది నెలల్లోపే వచ్చాయి. 1905 ఫైనల్ 1907లో థర్లెస్‌లో జరిగింది, అందులో కిల్డేర్ 1-7కి 0-5తో కెర్రీని ఓడించింది. జాబితాలో 1903 అని చూసి ‘పదకొండేళ్ళు శిఖరం మీద’ అని రాసేవాళ్ళు కనిపిస్తుంటారు. నిజానికి మొదటి పతకం నుంచి చివరి పతకం దాకా తొమ్మిదేళ్ళు. పెద్ద తేడా కాదు కదా అనొచ్చు. ఒక మనిషి జీవితాన్ని ఒక్క వరసలో చెప్పేటప్పుడు ఆ వరసలో ఉన్నవే అయిదు అంకెలైతే, అందులో రెండు ఇలా జరిగిపోవడం చిన్న విషయమని నేను అనుకోను.

ఇంకో సంగతి జాబితాకెక్కనే ఎక్కదు. 1910 ఫైనల్ లౌత్‌తో. కెర్రీ వాళ్ళు అసలు డబ్లిన్‌కే రాలేదు. గ్రేట్ సదరన్ అండ్ వెస్టర్న్ రైల్వే ఇచ్చిన టికెట్ల ఏర్పాటు నచ్చక ప్రయాణం మానేశారు. టైటిల్ లౌత్‌కి ఇచ్చేశారు. అంతకు ముందు ఏడాది, 1909 డిసెంబర్ 5న, ఇదే లౌత్‌ని కెర్రీ 1-9కి 0-6తో ఓడించింది. వెళ్ళుంటే ఆరో పతకం వచ్చేదని నేననడం లేదు, లౌత్ అప్పటికి బాగా ముదిరింది. కానీ ఒక పతకం దక్కుతుందా లేదా అన్నది బంతి దగ్గర కాకుండా రైలు టికెట్టు దగ్గర తేలిపోయిన కాలం అది. పతకాల లెక్కనే కొలబద్దగా పట్టుకునేవాళ్ళు ఈ ఏడాదిని ఏ గడిలో వేస్తారు?

63 అడుగుల నుంచి 21కి

ఇక్కడ కాస్త ఆగాలి. ఫిట్జెరాల్డ్ గురించి రాసేవాళ్ళు తొందరగా దాటేసేది ఇక్కడే.

1910 దాకా ఒక్కో చివర నాలుగు గుంజలు ఉండేవి. నడుమ రెండు గోల్ పోస్టులు, వాటి మధ్య 21 అడుగులు. వాటికి ఇటూ అటూ 21 అడుగుల దూరంలో ఇంకో రెండు. నడిమి గుంజల మధ్య అడ్డకర్ర కింద నుంచి పోతే గోల్. అడ్డకర్ర పైనుంచి పోయినా, పక్క సందుల్లోంచి పోయినా పాయింటు. అంటే పాయింటు కొట్టడానికి మొత్తం 63 అడుగుల వెడల్పు దొరికేది. 1910లో పక్క గుంజలు పీకేశారు, వలలు కట్టారు. అక్కడి నుంచి పాయింటు కావాలంటే అడ్డకర్ర పైన, ఆ 21 అడుగుల్లోంచే పోవాలి.

మూల నుంచి కొట్టే ఫార్వర్డ్‌కి ఇది ఎంత తేడా? లెక్క వేసి చూద్దాం. గోల్ గీతకి 10 గజాలు ముందు, దగ్గరి గోల్ పోస్టుకి 40 అడుగులు పక్కగా నిలబడ్డాడనుకోండి. పాత పద్ధతిలో దగ్గరి పక్క గుంజ అతనికి 19 అడుగుల పక్కనే ఉంటుంది, దూరపు పక్క గుంజ 82 అడుగుల దూరంలో. కంటికి కనిపించే సందు 37 డిగ్రీల పైన. కొత్త పద్ధతిలో అదే చోటు నుంచి 11 డిగ్రీల లోపు. ఎదురుగా 40 గజాల నుంచి కొట్టేవాడికీ సందు 29 నుంచి 10 డిగ్రీలకి పడిపోయింది. అతనికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది, బంతిని తిన్నగా కొడితే చాలు. మూలలో ఉన్నవాడికి తిన్నగా కొట్టడానికి మిగిలింది ఇరుకు సందే.

ఫిట్జెరాల్డ్ పేరు మోగింది ఈ ఇరుకు సందులోంచి బంతిని వంచి కొట్టడంలోనే. స్క్రూ కిక్ అనేవాళ్ళు. అందులోని కిటుకు చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. బంతిని నడిమధ్య కాకుండా ఒక పక్కకి తన్నాలి. అది నిలువు ఇరుసు మీద గిర్రున తిరుగుతూ పోతుంది, తిరిగే వైపుకి గాలిలో వంగుతుంది. గోల్‌కి ఎడమ మూలలో ఉన్న కుడికాలి ఆటగాడు పాదం లోపలి పక్కతో కొడితే బంతి ముందు మైదానం లోపలికి వెళ్ళి, ఆ పైన ఎడమకి, అంటే గోల్ వైపుకి, వంగుతుంది. కుడి మూలలో అదే మనిషి పాదం బయటి పక్కతో కొట్టాలి, లేదంటే ఎడమ కాలు వాడాలి. గుట్టంతా ముందు గోల్‌కి దూరంగా గురిపెట్టే ధైర్యంలో ఉంది. గోల్‌కేసి గురిపెడితే వంపు బంతిని గీత బయటికి లాగేస్తుంది.

తప్పు జరిగేది చాలా చోట్ల. మరీ పక్కకి తగిలితే బంతి బాగా తిరుగుతుంది గాని అడ్డకర్ర ఎత్తుకి చేరే ఊపు ఉండదు, గోల్‌కీపర్ చేతుల్లో పడుతుంది. నడిమికి దగ్గరగా తగిలితే ఊపు ఉంటుంది గాని వంపు ఉండదు, గోల్ ముందు నుంచి అడ్డంగా పోయి అవతలి పక్క బయటపడుతుంది. అప్పటి బంతి తోలుది, పైన తాడుతో కుట్టు. కుట్టు కాలికి తగిలితే ఏ పక్కకి పోతుందో చెప్పలేం, కాబట్టి ఫ్రీకిక్‌కి పెట్టేటప్పుడు కుట్టు కాలికి దూరంగా తిప్పి పెట్టుకోవాలి. ఆట నడుస్తుండగా ఆ అవకాశం ఎక్కడిది? పైగా ఐర్లాండ్ వాన. తోలు నీళ్ళు తాగితే బంతి బరువెక్కుతుంది, అంతే బలంతో తన్నితే తక్కువ దూరం పోతుంది, తిరగడమూ తగ్గుతుంది. కెర్రీ తన ఫైనళ్ళలో చాలావాటిని ఏ నెలల్లో ఆడిందో చూడండి: అక్టోబర్, నవంబర్, డిసెంబర్.

63 అడుగుల కాలంలో ఈ కిటుకు ఒక సోకు. 21 అడుగుల కాలంలో అది లేకపోతే మూల ఫార్వర్డ్‌కి పనే లేదు. మొదటి మూడు పతకాలు పాత గుంజల కింద, చివరి రెండు కొత్త గుంజల కింద గెలిచిన మనిషి విషయంలో పతకాల సంఖ్య ఈ తేడాని పూర్తిగా మింగేస్తుంది.

పదిహేడు నుంచి పదిహేనుకి

1913లో జట్టుకి 17 మంది బదులు 15 మంది అయ్యారు. మైదానం మీద 34 మంది తిరిగేచోట 30 మంది. ఒక్కో మనిషికి దక్కే చోటు లెక్కకి దాదాపు ఎనిమిదో వంతు పెరిగింది. లెక్కలో చిన్నదే, ఆటలో పెద్దది. 17 మందితో బంతి ఎక్కడ పడితే అక్కడ గుంపు. ఎత్తుగా తన్నడం, గుంపులో ఎగిరి పట్టుకోవడం, మళ్ళీ తన్నడం. 15 మందితో సందులు తెరుచుకున్నాయి, ఇద్దరు ముగ్గురు కలిసి బంతిని నడిపించడానికి వీలైంది.

ఆ ఏడాది ఫిట్జెరాల్డ్ కెప్టెన్. ఆర్చ్‌బిషప్ క్రోక్ జ్ఞాపకార్థం పెట్టిన పోటీలో కెర్రీ, లౌత్ మే 4న డ్రా చేసుకుని, జూన్ 29న మళ్ళీ ఆడాయి. కెర్రీ 2-4కి 0-5తో గెలిచింది. ఈ మ్యాచ్‌లకి జనం విరగబడి వచ్చారు, ఆ వసూళ్ళ ఊతంతోనే ఈ ఆటని నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ (జీఏఏ) అదే ఏడాది చివర్లో జోన్స్ రోడ్ మైదానాన్ని 3,500 పౌండ్లకి కొనుక్కుంది. ఇవాళ్టి క్రోక్ పార్క్ అదే. ఆ పోటీ ఆల్ ఐర్లాండ్ కాదు గనక పతకాల జాబితాలోకి రాదు! ఆయన ఆడినవాటిలో ఆటకి శాశ్వతంగా ఒక ఇల్లు కట్టిపెట్టిన మ్యాచ్‌లు అవే మరి.

డిసెంబర్ 14న ఆల్ ఐర్లాండ్ ఫైనల్, 15 మందితో ఆడిన మొదటిది. వెక్స్‌ఫర్డ్ మీద 2-2కి 0-3. మరుసటి ఏడాది మళ్ళీ వెక్స్‌ఫర్డే. నవంబర్ 1న 1-3కి 0-6తో డ్రా. నవంబర్ 29న రీప్లే: సగం ఆట ముగిసేసరికి వెక్స్‌ఫర్డ్ 0-6, కెర్రీ సున్నా. రెండో సగంలో కెర్రీ 2-3 కొట్టింది, వెక్స్‌ఫర్డ్‌కి ఒక్క పాయింటూ రాలేదు. 1915లో మూడోసారి ఎదురైనప్పుడు వెక్స్‌ఫర్డ్ 2-4కి 2-1తో తీర్చుకుంది, దానితో కలిపి 1918 దాకా వరసగా నాలుగు గెలిచింది. కొత్త ఆటని కెర్రీ ముందు పట్టుకుంది. వెక్స్‌ఫర్డ్ ఆలస్యంగా పట్టుకున్నా గట్టిగా పట్టుకుంది.

పుస్తకం

1914లో ఫిట్జెరాల్డ్ పేరుతో ‘హౌ టు ప్లే గేలిక్ ఫుట్‌బాల్’ కార్క్ నుంచి అచ్చయింది. గేలిక్ ఫుట్‌బాల్ ఎలా ఆడాలో నేర్పే మొదటి పుస్తకం అదే. రాసినవాడు అప్పటికింకా ఆడుతున్నాడు, కెర్రీకి కెప్టెన్ కూడా. తన కిటుకులన్నీ వెక్స్‌ఫర్డ్ వాళ్ళు సైతం కొని చదువుకునేలా అచ్చేయించాడు. నాకు ఆ పుస్తకంలో నచ్చేది ఇదే. పదవీ విరమణ చేసిన పెద్దమనిషి ముచ్చట్లు కావవి. ఏ స్థానంలో ఉన్నవాడు ఏం చెయ్యాలి, ఎవరితో కలిసి ఆడాలి అని ఆట మధ్యలో ఉండి చెప్పిన మాటలు.

అందులోని మెలిక కూడా గమనించాలి. కలిసి ఆడటాన్నీ, తెలివితో ఆడటాన్నీ అంతగా సమర్థించిన మనిషే, ఆటని పూర్తిగా శాస్త్రంగా మార్చెయ్యొద్దనీ, దాని సహజత్వం పోకూడదనీ కోరుకున్నాడు. ఇది తనని తాను కాదనుకోవడమని కొందరికి అనిపించొచ్చు. నాకు అలా తోచదు. స్క్రూ కిక్ ఎలా కొట్టాలో చెప్పొచ్చు, ఎప్పుడు కొట్టాలన్నది మాత్రం కొట్టేవాడికే వదిలెయ్యాలి.

ఎదురు వాదనలు

నా వాదనకి మూడు చోట్ల చిల్లులున్నాయి, వాటిలో ఒకదాన్ని పూడ్చడం నావల్ల కావడం లేదు.

మొదటిది, రాసినవాడే మిగులుతాడు. గుంజలు మారినా, మనుషులు తగ్గినా తట్టుకుని ఆడింది ఫిట్జెరాల్డ్ ఒక్కడే కాదు. పుస్తకం రాయని తోటివాళ్ళ పేర్లు జట్టు జాబితాల్లో పడి ఉన్నాయి. ఇది నిజమే. కానీ పుస్తకం రాయడం కూడా ఆ జీవితంలో చేసిన పనే కదా, ఆయన ఆట పక్కన దాన్ని లెక్కెయ్యకూడదని ఎందుకనుకోవాలి?

రెండోది, శిక్షణ అన్న ఆలోచన ఆయన సొంతం కాదు. 1913లో కెర్రీతో పోటీకి లౌత్ వాళ్ళు బెల్‌ఫాస్ట్ నుంచి సాకర్ శిక్షకుల్ని తెచ్చుకున్నారు. సాకర్ ఆడినా, చూసినా వేటు వేసే నిషేధం జీఏఏ నియమాల్లో ఉన్న రోజుల్లో! కాబట్టి పద్ధతిగా తయారవ్వాలన్న గాలి అప్పటికే వీస్తోంది. ఫిట్జెరాల్డ్ దాన్ని మొదలుపెట్టలేదు, రాతలోకి దించాడు. సరే, ఆ మేరకు నా గొంతు తగ్గిస్తాను.

మూడోదే పూడని చిల్లు. కలిసి ఆడటం కెర్రీ ఎక్కడ నేర్చుకుంది? 1905లో ఆ మూడు మ్యాచ్‌లూ ఆడిన కిల్డేర్ దగ్గర. బంతిని చేత్తో అందించుకుంటూ, ఒకరికోసం ఒకరు కదులుతూ ఆడింది ముందు కిల్డేర్ వాళ్ళు. మూడు సార్లు ఎదురెదురుగా నిలబడి కెర్రీ ఆ పాఠం ఉచితంగా నేర్చుకుంది. ఓడిన జట్టు ఆటని గెలిచిన జట్టు ఆటగాడు పుస్తకంగా రాశాడని కిల్డేర్ అభిమాని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. పతకాల లెక్క అన్యాయమని మొదలుపెట్టిన నేను, పుస్తకాల లెక్కతో ఇంకొకరికి అదే అన్యాయం చేస్తున్నానేమో. ఒకటి మాత్రం చెప్పగలను: ఈ అప్పు కనిపించాలన్నా 1905 మ్యాచ్‌లని స్కోర్లతో సహా తిరగెయ్యాలి. అయిదు అని రాసి ఊరుకునే జాబితాలో కిల్డేర్ ఊసే ఉండదు.

మైదానం బయట

బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటు తర్వాత ఫిట్జెరాల్డ్‌ని వేల్స్‌లోని ఫ్రాంగోచ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. అంతకు ముందు అక్కడ జర్మన్ యుద్ధఖైదీలు ఉండేవాళ్ళు. దాదాపు 1,800 మంది ఐరిష్ వాళ్ళు, వాళ్ళలో ఆ తర్వాత స్వాతంత్ర్య పోరాట నాయకుడైన మైకేల్ కాలిన్స్ ఒకడు. ఆడుకునే స్థలానికి వాళ్ళు పెట్టుకున్న పేరు క్రోక్ పార్క్. జిల్లాల వారీగా జట్లు కట్టి ఉల్ఫ్ టోన్ పేర పోటీ నడిపారు. ఫైనల్‌లో మళ్ళీ కెర్రీ, లౌత్. ఫిట్జెరాల్డ్ నాయకత్వంలో కెర్రీ ఒక్క పాయింటుతో గెలిచింది. దీనికీ పతకం లేదు.

1930 సెప్టెంబర్ 26న కిలార్నీలో ఒక భవనం పైకప్పు మీంచి పడి ఆయన చనిపోయాడు. రెండు రోజుల తర్వాత ఆల్ ఐర్లాండ్ ఫైనల్‌లో కెర్రీ 3-11కి 0-2తో మొనహన్‌ని ఓడించింది. ఆయన పేరున కిలార్నీలో కట్టిన ఫిట్జెరాల్డ్ స్టేడియం 1936 మే 31న తెరిచారు. అక్కడి మానసిక వైద్యశాలలో పనిచేసే డాక్టర్ ఎమన్ ఓసలివన్ దగ్గరుండి ఆ పని నడిపించాడు. మట్టి తవ్వడంలో, చదును చెయ్యడంలో ఆసుపత్రి రోగులూ చెయ్యి వేశారు, పని కూడా వైద్యమేనని ఆయన నమ్మేవాడు. 1924 నుంచి 1962 దాకా ఎనిమిది సార్లు కెర్రీని గెలిపించిన శిక్షకుడు కూడా ఈ డాక్టరే. 1958లో ఆయనా గేలిక్ ఫుట్‌బాల్ మీద ఒక పుస్తకం రాశాడు. ఆటగాళ్ళు ఎవరి గడిలో వాళ్ళే ఉండాలి, గడి దాటి తిరగకూడదు అన్నది ఆయన సిద్ధాంతం. పేరులోనే శాస్త్రం అన్న మాట పెట్టాడు. ఫిట్జెరాల్డ్ పేరుతో స్టేడియం కట్టించిన మనిషి, ఆటని పూర్తిగా శాస్త్రం చెయ్యొద్దన్న ఫిట్జెరాల్డ్ మాట చదవకుండా ఉండి ఉంటాడని నేననుకోను.